ఈ మాయలోకానికి ఓనరెవరు?

గై బర్క్‌హార్ట్ అనే చిన్న ఉద్యోగి జూన్ 15 పొద్దున పేలుడు కల వచ్చి కెవ్వుమని అరుస్తూ లేస్తాడు. పక్కనున్న భార్యకీ అలాంటి కలే వచ్చింది. పీడకల కదా అని దులిపేసుకుని ఆఫీసుకి వెళ్తాడు. దార్లో ఎవరో కొత్త బ్రాండు సిగరెట్ అంటగడతారు. లౌడ్‌స్పీకర్లు కట్టిన బండి ఒకటి వీధిలోకొచ్చి, మీ ఇంట్లో ఉన్నది ఫెకిల్ కంపెనీ ఫ్రీజర్ కాకపోతే అది కంపు కొడుతుందని చెవులు చిల్లులు పడేలా అరుస్తుంది. ఒక రాత్రి అనుకోకుండా సెల్లార్‌లో, తను కట్టుకుంటున్న పడవ కింద నిద్రపోతాడు. అందువల్ల ఊళ్లో అందరికీ చెరిగిపోయిన నిన్నటి రోజు ఇతనికి మాత్రం గుర్తుండిపోతుంది. లేచి చూస్తే తేదీ మళ్లీ జూన్ 15.

తీరా తేలిందేమిటంటే, టైలర్టన్ అనే ఆ ఊరు నిజంగానే పేలుడులో పోయింది. మనుషులంతా చచ్చిపోయారు. ప్రకటనల వ్యాపారి ఒకడు ఆ మెదళ్లలో ఉన్నదాన్ని బుల్లి యంత్రబొమ్మల్లోకి ఎక్కించి, టేబుల్ మీద పట్టేంత ఊరు కట్టించాడు. రోజుకో ప్రకటనను ఆ ఊరి మీద వదిలి చూస్తాడు. ఏది అమ్ముడుపోతుందో రాసుకుంటాడు. రాత్రికి జ్ఞాపకాలు తుడిపించేస్తాడు. పారిపోదామని ఊరి అంచుదాకా పరిగెత్తిన బర్క్‌హార్ట్‌కి అక్కడ కనిపించేది టేబుల్ అంచు.

అమెరికన్ రచయిత ఫ్రెడరిక్ పోల్ ఈ కథను 1955లో రాశాడు. పేరు ‘ద టనెల్ అండర్ ద వరల్డ్’. అప్పటికి ఇంటింటికీ కంప్యూటర్ సంగతి అటుంచి, ఆ మాటే జనానికి సరిగ్గా తెలియదు. పోల్‌కి బాగా తెలిసింది వేరే ఉంది. అతను కొంతకాలం యాడ్ ఏజెన్సీలో కాపీరైటర్‌గా పనిచేశాడు.

ఇలాంటి సిమ్యులేషన్ కథల (నిజంలా నడిచే నకిలీ లోకాల కథల) ప్రస్తావన రాగానే మన దగ్గర మాట నేరుగా వేదాంతంలోకి పోతుంది. జగత్తు మిథ్య అని మనవాళ్లు ఎప్పుడో చెప్పారు కదా, వాళ్లిప్పుడు కంప్యూటర్ పెట్టి అదే చెబుతున్నారు అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. ఆ తేల్చేయడంలో అసలు సరుకు చేజారిపోతుంది. ‘ఇది నిజమా, అబద్ధమా’ అన్నది ఇలాంటి కథలన్నిటికీ ఉమ్మడి ప్రశ్న. అందుకే దానివల్ల ఏ ఒక్క కథ గురించీ కొత్తగా తెలిసేదేం ఉండదు. అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఈ దొంగలోకాన్ని కట్టిందెవరు? కరెంటు బిల్లు ఎవరు కడుతున్నారు? లోపలున్నవాళ్ల వల్ల వాళ్లకి ఒరిగేదేంటి? తప్పించుకుంటే బయట ఎదురయ్యేదేంటి? వీటికి ఒక్కో దేశం, ఒక్కో కాలం తనదైన జవాబు రాసుకుంది. ఆ సమాజం ఎవరిని అనుమానిస్తోందో, దేనికి జడుసుకుంటోందో ఆ జవాబులో దొరికిపోతుంది.

సర్వేలవాళ్లు, సైన్యంవాళ్లు

పోల్ కథ వచ్చిన కాలం అమెరికాలో టీవీ ఇళ్లలోకి దూసుకొస్తున్న కాలం. యుద్ధం అయిపోయింది, ఫ్యాక్టరీలు ఫ్రీజర్లూ కార్లూ తయారుచేసి కుప్పలు పోస్తున్నాయి, వాటిని ఎవరో ఒకరు కొనాలి. జనం ఏం కోరుకుంటున్నారో తెలుసుకోవడం, కోరుకోనిదాన్ని కోరుకునేలా చేయడం పెద్ద వృత్తులైపోయాయి. అలాంటి చోట పుట్టిన మాయలోకానికి యజమాని దయ్యమూ కాదు, దేవుడూ కాదు. సేల్స్ మేనేజర్.

తొమ్మిదేళ్ల తర్వాత, 1964లో, డేనియల్ గాలూయ్ ‘సిమ్యులాక్రాన్-3’ నవల రాశాడు. అతను న్యూ ఆర్లీన్స్‌లో పాత్రికేయుడు, అంతకుముందు నౌకాదళంలో పైలట్. ఈసారి యంత్రబొమ్మలు కూడా లేవు. కంప్యూటర్ లోపలే ఒక నగరం, అందులో తాము బతికే ఉన్నామనుకునే జనం. ఎందుకు కట్టారయ్యా అంటే మార్కెట్ సర్వేల కోసం. నవలలోని నగరంలో వీధివీధికీ సర్వేవాళ్లే. పౌరుణ్ణి ఎక్కడైనా ఆపి అభిప్రాయం అడిగే హక్కు వాళ్లకుంది. యంత్రంలోని జనాన్నే అడిగేస్తే ఇక వీళ్ల అవసరమేముంది? పొట్ట కొడుతున్నారని సర్వేవాళ్లు ఆందోళనకి దిగుతారు. ఏఐ వచ్చి ఉద్యోగాలు పోతాయన్న గోలను అరవై ఏళ్ల కిందట ఈ నవలలో చదువుతుంటే నవ్వొస్తుంది, కాస్త భయమూ వేస్తుంది.

ఇదంతా గాల్లోంచి పుట్టిన ఊహ కాదు. 1959లో న్యూయార్క్‌లో సిమ్యుల్మాటిక్స్ అనే నిజమైన కంపెనీ మొదలైంది. పాత ఎన్నికల, సర్వేల లెక్కలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి, అమెరికా ఓటర్లను 480 రకాలుగా విడగొట్టింది. ఫలానా విషయం మీద అభ్యర్థి ఫలానా మాట అంటే ఏ రకం ఓటరు ఎటు మొగ్గుతాడో లెక్కగట్టి, 1960 ఎన్నికల్లో కెన్నెడీ ప్రచార బృందానికి నివేదికలు ఇచ్చింది. ఆ లెక్కల వల్లే కెన్నెడీ గెలిచాడనడం అతిశయోక్తి. కంపెనీ కూడా 1970లో దివాలా తీసింది. కానీ ఓటరును ఒక పెట్టెలో పెట్టి, అతన్ని అడక్కుండానే అతని జవాబు తెలుసుకోవచ్చన్న ఆశ అప్పటికే మార్కెట్‌లో ఉంది. ఇప్పుడు కొన్ని సర్వే సంస్థలు ఏఐ మోడళ్లతోనే కొనుగోలుదార్లలా, ఓటర్లలా మాట్లాడించి వాటినే ప్రశ్నలడుగుతున్నాయి. గాలూయ్ నవలలోని యంత్రం చేసే పని సరిగ్గా ఇదే.

ఆ నవల మలుపు ఇప్పటివాళ్లు తేలిగ్గానే ఊహిస్తారు. నకిలీ నగరాన్ని నడిపే ఇంజనీరుకి తన నగరమూ నకిలీదేనని తెలుస్తుంది. ఊరు దాటి కారు నడుపుతూ పోతే ఒకచోట రోడ్డు ఆగిపోతుంది. ముందు ఏమీ లేదు, ఉత్త చీకటి. పాత్రికేయుడు కాబట్టి కాబోలు, గాలూయ్ దీన్ని తత్వంగా కాకుండా వార్తలా రాస్తాడు. ఎవరూ వెళ్లని చోట రోడ్డు వేయడం ఖర్చు దండగ, అందుకే వేయలేదు. మాయలోకం కట్టినవాడు కూడా పిసినారి కాంట్రాక్టరేనన్నమాట.

ఇదే కాలంలో ఇంకో అమెరికన్ రచయిత ఫిలిప్ కె. డిక్ మరో దారి పట్టాడు. 1959 నాటి ‘టైమ్ అవుట్ ఆఫ్ జాయింట్’లో రాగల్ గమ్ అనే బ్రహ్మచారి చెల్లెలి కుటుంబంతో ఉంటూ పేపర్లో వచ్చే పజిల్ పోటీ రోజూ గెలుస్తుంటాడు. ఆకుపచ్చ మనిషి రేపు ఏ గడిలో ఉంటాడో కనిపెట్టాలి. అదే అతని సంపాదన. ఒకరోజు పార్కులో కూల్‌డ్రింక్స్ బంకు దగ్గరికి వెళ్తే అది కళ్లముందే కరిగిపోతుంది. అక్కడ మిగిలేది ఒక చీటీ. దాని మీద ‘కూల్‌డ్రింక్స్ బంకు’ అని రాసి ఉంటుంది. పుస్తకంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే, తర్వాత డిక్ ఈ చీటీల సంగతి పూర్తిగా విప్పి చెప్పకపోయినా. బయట ఉన్నది 1998, భూమికీ చంద్రుడి మీది మనుషులకీ యుద్ధం. ఆకుపచ్చ మనిషి గడి అంటే రేపు క్షిపణి పడబోయే చోటు. రాగల్ గమ్ మనసు యుద్ధం నుంచి పక్కకి తప్పుకుంటే, అతని చేత పని చేయించుకోవడానికి సైన్యం 1950ల నాటి ప్రశాంతమైన ఊరిని అతని చుట్టూ కట్టింది.

ఇక్కడ యజమాని ప్రభుత్వం. లాభం డబ్బు కాదు, శ్రమ. అణుయుద్ధం ఎప్పుడొస్తుందోనని బడిపిల్లల చేత బల్లల కింద దూరడం ప్రాక్టీసు చేయించిన దేశంలో, పచ్చిక మైదానాలతో ముచ్చటగా ఉన్న ఆ ఊళ్లు దేన్ని దాచడానికి కట్టారో అనే అనుమానం రావడంలో వింతేముంది?

అదే నవల, వేరే దేశం

గాలూయ్ నవలను జర్మనీ దర్శకుడు రైనర్ వెర్నర్ ఫాస్‌బిండర్ 1973లో టీవీ కోసం రెండు భాగాలుగా తీశాడు. పేరు ‘వెల్ట్ అం డ్రాట్’. కథ దాదాపు అదే, అనుమానం మాత్రం మారిపోయింది. కంప్యూటర్ ఉన్నది ప్రభుత్వ డబ్బుతో నడిచే పరిశోధన సంస్థలో. అందులో తొమ్మిది వేలకు పైగా ‘మనుషులు’ బతుకుతున్నారు. ఒక ఉక్కు కంపెనీకి మాత్రం రాబోయే ఏళ్లలో ఉక్కు గిరాకీ ఎలా ఉంటుందో ముందే తెలియాలి. ప్రజల సొమ్ముతో కట్టిన భవిష్యత్తును ప్రైవేటు కంపెనీ దొడ్డిదారిన చూసుకోవాలనుకుంటుంది. సర్వేవాళ్ల గొడవ అమెరికాలోనే ఆగిపోయింది. పశ్చిమ జర్మనీకి చేరేసరికి కథ అధికారులూ పెట్టుబడిదారులూ చేతులు కలపడం గురించిన కథైపోయింది. ఫ్రేము ఫ్రేములో అద్దాలు, గాజు తలుపులు, ఒకరి ముఖంలో ఇంకొకరి ముఖం. స్పెషల్ ఎఫెక్ట్స్‌కి డబ్బుల్లేని టీవీ సినిమాలో లోకం నకిలీదనే భావన అద్దాలతోనే తెప్పించారు.

1999లో హాలీవుడ్ అదే నవలను ‘ద థర్టీంత్ ఫ్లోర్’గా మళ్లీ తీసింది. అందులో సిమ్యులేషన్ 1937 నాటి లాస్ ఏంజలిస్. సర్వే లేదు, ఉక్కు లేదు. డబ్బున్నవాళ్లు పాతకాలంలోకి వెళ్లి మజా చేసొస్తారు. ఒకే నవల ముప్పై అయిదేళ్లలో మార్కెటింగ్ కథగా పుట్టి, అవినీతి కథగా పెరిగి, చివరికి పర్యాటకం కథగా మిగిలింది.

ఇనుపతెరకు అవతల, కమ్యూనిస్టు దేశాల పక్క, జవాబు ఇంకోలా ఉంది. పోలండ్ రచయిత స్టానిస్లావ్ లెమ్ 1971లో ‘ద ఫ్యూచరలాజికల్ కాంగ్రెస్’ రాశాడు. ఇందులో కంప్యూటర్ లేదు, గాల్లో కలిపిన మందులున్నాయి. ఇయాన్ టిచీ అనే కథానాయకుడు భవిష్యత్తులో కళ్లు తెరుస్తాడు. అంతా సుఖం, అంతా సమృద్ధి. ఒక ఖరీదైన రెస్టారెంట్‌లో కూర్చున్నప్పుడు ప్రొఫెసర్ ఒకతను విరుగుడు మందు వాసన చూపిస్తాడు. తివాచీలు, కుండీల్లో చెట్లు, వెండి పళ్లేలు అన్నీ మాయమై కాంక్రీటు బంకరు మిగులుతుంది. ముందున్న రేకు గిన్నెలో మట్టిరంగు జావ. తర్వాత వీధిలోకొచ్చి చూస్తే కార్లలో పోతున్నామనుకుంటున్నవాళ్లు నిజానికి లేని స్టీరింగు పట్టుకుని రొప్పుతూ పరిగెడుతున్నారు. లిఫ్టులో వెళ్తున్నామనుకునేవాళ్లు లిఫ్టు గోతి గోడలు పట్టుకుని పైకి పాకుతున్నారు. అందుకే ఈ లోకంలో అందరికీ ఎప్పుడూ ఆయాసం.

పౌరులకు లేనిదాన్ని ఉన్నట్టు చూపించడం ఎలా ఉంటుందో లెమ్‌కి పుస్తకాల్లో చదివి తెలుసుకోవాల్సిన అవసరం లేదు. తిండి ధరలు పెంచినందుకు 1970 డిసెంబర్‌లో పోలండ్ బాల్టిక్ తీరంలో కార్మికులు వీధుల్లోకొచ్చారు, ప్రభుత్వం కాల్పులు జరిపింది. ఆ దేశంలో పత్రికల్లోని సమృద్ధికీ దుకాణం ముందు క్యూకీ మధ్య ఎంత దూరమో అందరికీ తెలుసు.

ఇంకో తేడా ఉంది, నా లెక్కలో అదే ముఖ్యం. పోల్ కథలో యజమాని మోసగాడు, సిగ్గుపడడు, సమర్థించుకోడు. లెమ్ నవలలో దొరికిపోయిన పెద్దమనిషి తన పని దయ అంటాడు. జనాభా పెరిగిపోయింది, భూమి గడ్డకట్టుకుపోతోంది, బాగుచేయడం ఎవరి వల్లా కాదు, కనీసం నొప్పి తెలియకుండా మత్తిస్తున్నాం అంటాడు. లెమ్ వైద్యం చదివినవాడు. లాభం కోసం అబద్ధమాడేవాడి కంటే నీ మంచికే అబద్ధమాడుతున్నానని నమ్మేవాడు ఎంత గట్టి పిండమో అతనికి తెలుసు.

చైనాకి వస్తే రచయిత లియు త్సిషిన్ ‘త్రీ బాడీ ప్రాబ్లమ్’ (2006)లోని వర్చువల్ గేమ్ ఉంది. అందులో రాజవంశాలు పుడతాయి, మూడు సూర్యుల వేడికో చలికో నాశనమవుతాయి, మళ్లీ మొదటినుంచి లెక్క మొదలవుతుంది. మూడు కోట్లమంది సైనికులు జెండాలు ఎత్తుతూ దించుతూ చక్రవర్తి ముందు కంప్యూటర్‌గా పనిచేసే దృశ్యం ఒకసారి చదివితే మర్చిపోలేం. ఈ గేమ్ బోను కాదు, భర్తీ పరీక్ష. మానవజాతి మీద ఆశ వదులుకున్న చదువుకున్నవాళ్లను ఏరుకోవడానికి ఒక రహస్య సంస్థ పెట్టింది. ఆ ఆశ ఎక్కడ పోయిందో నవల మొదటి అధ్యాయాల్లోనే ఉంది, సాంస్కృతిక విప్లవంలో.

1999

1998, 1999 సంవత్సరాల్లో ఇలాంటి సినిమాలు గుంపుగా వచ్చాయి. ‘డార్క్ సిటీ’, ‘ద ట్రూమన్ షో’, ‘ఎగ్జిస్టెంజ్’, ‘ద థర్టీంత్ ఫ్లోర్’, వాటన్నిటినీ మింగేసిన ‘ద మేట్రిక్స్’. ఇంటర్నెట్ కొత్తగా ఇళ్లలోకి వచ్చింది కాబట్టి అంటారు. అది సగమే. కోల్డ్ వార్ అయిపోయింది, ఆర్థిక వ్యవస్థ జోరుమీదుంది, శత్రువు ఎవరూ కనబడటం లేదు. అయినా ఏదో తేడా కొడుతోంది. ‘మేట్రిక్స్’లో యంత్రాలు మనుషుల్ని ఒక నకిలీ లోకంలో బంధిస్తాయి, ఆ లోకానికి ఎంచుకున్న సంవత్సరం 1999. మీ నాగరికతకు అది శిఖరం అని యంత్రాల తరఫు ఏజెంట్ స్మిత్ చెబుతాడు. అంతకుముందు కష్టమే లేని లోకం కట్టి చూశారట, మనుషులు ఒప్పుకోలేదట. అందుకని బాస్ తిట్లూ ఫైళ్లూ ఉండే ఆఫీసు జీవితం ఇచ్చారు. హీరో నియో అందులో సాఫ్ట్‌వేర్ కంపెనీ క్యూబికల్‌లో కూర్చునే ప్రోగ్రామర్.

ఈ చోట తెలుగువాళ్ల అనుభవం తిరగేసి ఉంటుంది. సరిగ్గా అదే 1999లో వైటూకే పనుల కోసం (2000 సంవత్సరం రాగానే పాత కంప్యూటర్లలో తేదీలు తప్పకుండా సరిచేయడం) అమెరికా కంపెనీలకు ప్రోగ్రామర్లు కావాల్సొచ్చింది. అమీర్‌పేట ఇన్‌స్టిట్యూట్లలో కోబాల్, మెయిన్‌ఫ్రేమ్ నేర్చుకుని, వీసా స్టాంపు కోసం మొక్కులు మొక్కుకుని, ఎందరో తెలుగు కుర్రాళ్లు విమానం ఎక్కారు. నియో ప్రాణాలకు తెగించి పారిపోయిన క్యూబికల్ వాళ్లకు గమ్యం. అమెరికా మధ్యతరగతికి విసుగెత్తిన చోట మన మధ్యతరగతికి కల మొదలైంది. అందుకే మనవాళ్లు ఆ సినిమాను ఫైటింగుల కోసం, కొంచెం వేదాంతం కోసం చూశారు. ఆఫీసు మీద దాని కోపం మనకు అంతగా తగల్లేదు. (ఇప్పటివాళ్లకి తగులుతుందేమో. వారానికి 70 గంటలు పనిచేయాలని పెద్దలు సెలవిస్తున్న రోజులు.)

సినిమాలో నియో తెరిచే డొల్ల పుస్తకం ఫ్రెంచి తత్వవేత్త జాన్ బొద్రియార్‌ది, సిమ్యులేషన్ గురించిందే. ఆయన మాత్రం ఆ సినిమాను మెచ్చుకోలేదు. నకిలీకి వెనకాల పదిలంగా ఒక అసలు ఉందని, గోడ పగలగొడితే అది దొరుకుతుందని సినిమా నమ్ముతుంది. అసలూ నకిలీ విడదీయలేనంతగా కలిసిపోయాయన్నది బొద్రియార్ వాదన. తర్వాత జరిగింది చూస్తే ఆయన పక్షమే బలంగా కనిపిస్తుంది. సినిమాలో నియోకి అసలు లోకాన్ని చూపించేది ఒక ఎర్ర మాత్ర. ఆ ఎర్ర మాత్ర మింగడం అన్న మాటను 2012 నుంచీ ఆడవాళ్ల మీద కక్ష పెట్టుకున్న ఇంటర్నెట్ గుంపులు సొంతం చేసుకున్నాయి. సినిమా తీసిన ఇద్దరిలో ఒకరైన లిల్లీ వచావ్‌స్కీ 2020లో ఆ కథ మొదటి ఉద్దేశం ట్రాన్స్‌జెండర్ అనుభవమని చెప్పారు. ఒకే మాత్రను ఇద్దరూ మింగారు, ఇద్దరికీ తమ తమ ‘అసలు లోకాలు’ కనిపించాయి.

బయటికి రావాలని ఎవరన్నారు?

పాత కథల్లో హీరో పని బయటపడటం. ‘మేట్రిక్స్’లోనే సైఫర్ అనే ద్రోహి ఆ నియమాన్ని తప్పుతాడు. ముందున్న మాంసం ముక్క నిజం కాదని తెలిసీ లొట్టలేసుకుంటూ తింటాడు. నన్ను మళ్లీ లోపలికి పంపండి, డబ్బూ పేరూ ఉన్నవాణ్ణి చేయండి, ఇవేవీ గుర్తుండకూడదు అని బేరం పెడతాడు. సినిమా అతన్ని విలన్‌గా చూపిస్తుంది. ఆ తర్వాత వచ్చిన తరం అంత కచ్చితంగా లేదు.

అమెరికన్ తత్వవేత్త రాబర్ట్ నోజిక్ 1974లో ఒక ఊహాయంత్రం పెట్టాడు. అందులోకి వెళ్తే కోరుకున్న అనుభవాలన్నీ దొరుకుతాయి, ఏదీ నిజం కాదు. ఎవరూ ఒప్పుకోరని, సుఖం ఒక్కటే మనిషికి కావాల్సింది కాదనడానికి అదే రుజువని ఆయన అన్నాడు. 2010లో ఫెలిపే డి బ్రిగార్డ్ అనే పరిశోధకుడు ప్రశ్నను తిప్పి వేశాడు. మీరిప్పటికే యంత్రంలో ఉన్నారు, బయటికి వస్తారా? బయట నువ్వు జైల్లో ఖైదీవి అని చెప్పినప్పుడు చాలా ఎక్కువమంది లోపలే ఉంటామన్నారు. అంటే జనం సత్యం పక్షమో సుఖం పక్షమో కాదు. అలవాటైన చోటు వదిలి వెళ్లాలంటే అవతల ఏముందని అడుగుతున్నారు. ఊరొదిలి వలసపోయే ఏ మనిషైనా అడిగేది అదే.

జపాన్‌లో ఈ ప్రశ్నకు జవాబు ‘స్వోర్డ్ ఆర్ట్ ఆన్‌లైన్’. రచయిత కవహారా రెకి 2002లో ఇంటర్నెట్‌లో సీరియల్‌గా మొదలుపెట్టాడు, 2012లో యానిమేగా (జపాన్ యానిమేషన్ సిరీస్‌గా) వచ్చింది. పదివేలమంది ఒక ఆన్‌లైన్ గేమ్‌లోకి వెళ్తారు. మెనూలో లాగ్ అవుట్ బటన్ ఉండదు. అక్కడ చస్తే ఇక్కడా చచ్చినట్టే. మొదట అది భయానక కథ. పోను పోను కిరిటో, అసునా ప్రేమించుకుంటారు, పెళ్లి చేసుకుంటారు, 22వ అంతస్తులో చెరువు పక్కన చెక్క ఇల్లు కొనుక్కుంటారు. చేపలు పట్టుకునే సాయంత్రాలు, ఒక కూతురు కూడా. బయట ఉన్న జపాన్ 1990ల తొలినాళ్లలో ఆర్థిక బుడగ పేలాక స్థిరమైన ఉద్యోగం, ఇల్లు, పెళ్లి చాలామంది యువతకు దూరమైన జపాన్. ఇరవై ఏళ్లవాడికి జైలు గోడల మధ్య సొంతిల్లు దొరికితే ఆ జైలును ఏమనాలి? తర్వాత వచ్చిన వందల కథల్లో గేమ్ లాంటి లోకంలోకి వెళ్లిన హీరోకి తిరిగి రావాలన్న ఆలోచనే పెద్దగా ఉండదు.

ఉండిపోవాలంటే అద్దె కట్టాలి. ఈ సంగతిని నిక్కచ్చిగా లెక్కగట్టినవాడు ఆస్ట్రేలియా రచయిత గ్రెగ్ ఈగన్. 1994 నాటి ‘పర్మ్యుటేషన్ సిటీ’లో చచ్చేముందు మెదడును కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవచ్చు. కానీ ఆ మనిషి ఎంత వేగంగా బతుకుతాడన్నది బ్యాంకు బ్యాలెన్సును బట్టి. డబ్బున్న నకలు కూడా బయటి కాలంకంటే పదిహేడు రెట్లు నెమ్మదిగా నడుస్తుంది. పేదవాళ్లు ఇంకా నెమ్మది. తాము ఒక మాట అనేలోపు బయట రోజులు గడిచిపోతాయి. పేద నకళ్లు ఒకచోట చేరి, అందరిలోకీ నెమ్మదైనవాడి వేగానికి తగ్గి కబుర్లు చెప్పుకునే క్లబ్బులు కూడా ఉన్నాయి. క్లౌడ్ సర్వర్లను గంటల లెక్కన అద్దెకు తీసుకోవడం ఇంకా మొదలుకాని రోజుల్లో రాసిన పుస్తకమిది.

2003లో ఆక్స్‌ఫర్డ్ తత్వవేత్త నిక్ బోస్ట్రమ్ దీనికి తర్కం రూపం ఇచ్చాడు. మనలాంటి నాగరికతలు అంత శక్తిమంతమైన కంప్యూటర్లు రాకముందే అంతరించిపోతాయి, లేదా వచ్చినా పూర్వీకుల లోకాల్ని సిమ్యులేట్ చేయవు, లేదా మనం దాదాపు కచ్చితంగా సిమ్యులేషన్‌లోనే ఉన్నాం. మూడింట్లో కనీసం ఒకటి నిజమై తీరాలంటాడు. మూడోదే నిజమని ఆయన తేల్చలేదు. 2016లో ఇలాన్ మస్క్ మనం అసలు లోకంలో ఉండే అవకాశం కొన్ని వందల కోట్లలో ఒకటి అనేసరికి జనం దృష్టంతా మూడోదానిమీదే పడింది. సృష్టికర్త ప్రోగ్రామర్ అనే ఊహ సిలికాన్ వ్యాలీకి నచ్చడంలో ఆశ్చర్యం లేదు. కుమ్మరులుండే ఊళ్లో బ్రహ్మ కుండలు చేస్తాడు. ఆ వాదంలో నాకు వెలితిగా తోచేది ఒకటే, అందులో యజమాని ఉద్దేశం గురించి ఊసే లేదు. పోల్ కథలోని వ్యాపారి, డిక్ కథలోని సైన్యం, ఫాస్‌బిండర్ చూపిన ఉక్కు కంపెనీ అంతా మాయమై, చరిత్ర మీద కుతూహలమున్న మర్యాదస్తులైన వారసులు మిగిలారు. ఉన్నదానికీ లేనిదానికీ తేడా కనిపెట్టాలనుకునే తర్కం డబ్బు లెక్క మర్చిపోయింది.

మన కథల్లో భయం

ఇక మన యోగవాసిష్ఠం, వసిష్ఠుడు రాముడికి చెప్పినట్టు సాగే వేదాంత గ్రంథం. దీన్ని మడికి సింగన పదిహేనో శతాబ్దంలో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు, అంటే తెలుగులో సిమ్యులేషన్ కథలకు ఆరువందల ఏళ్ల చరిత్ర ఉందనుకోవచ్చు. అందులో లవణుడనే రాజు సభలోకి ఐంద్రజాలికుడొచ్చి నెమలి పింఛం ఊపుతాడు. ఒక గుర్రం వస్తుంది. రాజు కన్నార్పకుండా కాసేపు కూర్చుండిపోయి, వణుకుతూ లేస్తాడు. ఆ కాసేపట్లో అతను ఒక జీవితం గడిపాడు. గుర్రం అడవిలో పడేసింది. ఆకలితో నకనకలాడుతుంటే, ఆ గ్రంథం చండాలులని పిలిచే, ఊరి బయట బతికే జనంలోని ఒక అమ్మాయి అన్నం తెస్తూ కనిపించింది. పెళ్లి చేసుకుంటేనే పెడతానంది. చేసుకున్నాడు, పిల్లల్ని కన్నాడు, కరువొస్తే అగ్నిలో దూకబోయాడు, అప్పుడు సభలో మెలకువ వచ్చింది.

గాధి కథ ఇంకా ఘోరం. నీళ్లలో మునిగిన బ్రాహ్మణుడు ఒక్క మునకలో చచ్చి, అదే జనంలో పుట్టి, పెరిగి, అదృష్టం కలిసొచ్చి ఒక దేశానికి రాజై ఎనిమిదేళ్లు ఏలతాడు. కులం బయటపడుతుంది. ఇన్నాళ్లూ అంటు కలిసిందని ఆ ఊరి పెద్దలు చితులు పేర్చుకుని దూకుతారు. చివరికి అతనూ దూకుతాడు. తేలి చూస్తే అవే నీళ్లలో స్నానం చేస్తూ ఉన్నాడు.

రెండు కథల్నీ జగత్తు మనోమయం అని చెప్పడానికి రాశారు, మనం శతాబ్దాలుగా అలాగే చదువుకున్నాం. ఇక్కడ యంత్రానికి యజమాని లేడు, ఐంద్రజాలికుడు రుసుము కూడా అడగడు. కానీ ఇంకో ప్రశ్న అడిగి చూడండి. రాజునో బ్రాహ్మణుడినో ఒళ్లు జలదరించేలా భయపెట్టాలంటే ఏ జీవితంలోకి పంపాలి? పులి నోట్లోకీ కాదు, నరకంలోకీ కాదు. ఊరి చివర వాడలోకి. అమెరికన్ రచయితకు అమ్మకపు సరుకైపోవడం పీడకల. ఈ కథకుడికి కులం పోవడం పీడకల. కథ మధ్యలో ఆ అమ్మాయి ఏమనుకుందో, ఆమెకు ఆ రాజు ఎలాంటి పీడకలో కథ చెప్పదు. ఇద్దరూ తర్వాత ఆ చోట్లు వెతుక్కుంటూ వెళ్తే అవి నిజంగానే ఉంటాయి, కూతుర్నీ అల్లుణ్ణీ తలుచుకుని ఏడ్చే ముసలామె కూడా ఉంటుంది. ఆమె జీవితం మాయ అని వసిష్ఠుడు రాముడికి చెబుతాడు. ఆమెకెవరూ చెప్పరు.

లవణుడు హరిశ్చంద్రుడి వంశంవాడు. హరిశ్చంద్ర నాటకంలో కాటి సీను తెలుగు పల్లెల్లో రాత్రంతా ఎందుకు ఆడింది? సత్యం కోసం అని చెబుతాం. రాజు కాటి యజమాని వీరబాహుడికి బంటైపోయాడే అన్న వెక్కిళ్లూ అందులో ఉన్నాయి. ఆ సీన్లో నటులు గొంతెత్తి పాడుతూ వచ్చిన శ్మశానవాటి పద్యాలు మాత్రం గుర్రం జాషువావి. కాటిలో అందరూ సమానమేనని రాసిన ఆ కవికి, వీరబాహుడి వాడ శాపంగా వచ్చిన మాయలోకమేం కాదు. అంటరానితనం అనుభవించి రాసినవాడు.

తెలుగులో ఇప్పటి కాలపు సిమ్యులేషన్ నవల ఎవరైనా రాస్తే ఈ ముడి విప్పకుండా దాటలేరు. ఈగన్ లోకంలో నకలు వేగం బ్యాంకు బ్యాలెన్సును బట్టి నడిచింది. మన నకళ్లను ఏదో డేటా సెంటర్‌లోకి ఎక్కిస్తే కొత్తగా లాగిన్ అయినవాణ్ణి పక్కవాడు మొదట అడిగే ప్రశ్న ‘మీరు నిజమేనా’ అని ఉండదు. ‘మీదేవూరండీ? ఇంటిపేరు?’ అని ఉంటుంది.